ఒక బల్బంత కరెంటు

ఆదివారం మధ్యాహ్నం కావడంతో కంప్యూటర్ల షాపులో పెద్దగా జనం లేరు. షాపాయన లోపల్నుంచి ఒక చిన్న అట్టపెట్టె తెచ్చి, మీదున్న దుమ్ము చేత్తో తుడిచి కౌంటర్ మీద పెట్టాడు.

"ఇదొక్కటే మిగిలింది. కొత్త మోడల్ వచ్చేసింది కాబట్టి ఇంత తగ్గించి ఇస్తున్నాను. లేకపోతే ఈ ప్రాసెసర్ మనలాంటివాళ్ళకి అందేది కాదు. మీ పాత బోర్డులోనే కూర్చుంటుంది, ఇంకేమీ మార్చక్కర్లేదు" అన్నాడు.

చిన్నోడు పెట్టెను ముట్టుకోకుండా చూస్తూ నిలబడ్డాడు. నలభై దాటి, చెవుల పక్క జుట్టు నెరిసినా తెలిసినవాళ్ళంతా అతన్ని చిన్నోడనే అంటారు. వాళ్ళక్క పిలిచిన పిలుపు అది, అలాగే అతుక్కుపోయింది. ఇంకా కట్టని ఇళ్ళని కంప్యూటర్లో కట్టి చూపించడం అతని పని. బిల్డర్లు ఇచ్చిన ప్లాన్లకి గోడలు లేపి, కిటికీల్లోంచి ఎండ పడేట్టు చేసి, కొనేవాళ్ళు గదిగదీ తిరిగి చూస్తున్నట్టు వీడియో తయారుచేస్తాడు. రెండు నిమిషాల వీడియోకి కంప్యూటర్ రెండు రోజులు లెక్కలు కడుతూ కూర్చుంటుంది. ఇప్పుడొక పెద్ద హాస్టల్ పని వచ్చింది. వారంలో ఇవ్వాలి. పాత ప్రాసెసర్‌తో నెల పడుతుంది.

షాపాయన మాటల్లో పడ్డాడు. పోయినేడాది కూడా ఇలాగే తగ్గింపు పెట్టానని, అప్పుడు చిన్నోడి అక్క ఫోన్ చేసి, మా తమ్ముడు వస్తాడు, వేరేవాళ్ళకి ఇచ్చెయ్యకండి అని చెప్పిందని, ఆవిడ మాట మీద మూడు రోజులు పక్కన పెట్టానని అన్నాడు. చిన్నోడు రానేలేదట.

చిన్నోడికి ఆ సంగతి తెలియదు. అక్క ఎప్పుడూ చెప్పలేదు.

"బావున్నారా ఆవిడ?" అని అడిగాడు షాపాయన.

"బావుంది" అన్నాడు చిన్నోడు. ఆ మాట నోట్లోంచి ఎలా వచ్చిందో అతనికే తెలియలేదు. అక్క పోయి పది నెలలయింది.

డబ్బు కట్టేసి, పెట్టె సంచిలో వేసుకుని బయటపడ్డాడు. మబ్బు కమ్మింది. నడుస్తున్నంతసేపూ ఆ ఫోన్ సంగతే బుర్రలో తిరిగింది.

అమ్మానాన్నా పోయేనాటికి అతనికి ఆరేళ్ళు, అక్కకి పదహారు. నూలు మిల్లులో పనికి కుదిరి అక్కే అతన్ని పెంచింది, చదివించింది. ఇరవై ఏళ్ళు పీల్చిన దూది దుమ్ము ఆవిడ ఊపిరితిత్తుల్లో గడ్డకట్టింది. బావ ఎప్పుడో పోయాడు. కూతురు పిచ్చుక వేరే ఊళ్ళో హాస్టల్లో ఉండి నర్సింగ్ చదువుతోంది. చివరి రెండేళ్ళూ అక్క తమ్ముడి దగ్గరే ఉంది, ముక్కుకి గొట్టం పెట్టుకుని. మంచం పక్కన ఆక్సిజన్ మెషిన్ రాత్రింబవళ్ళు బుస్సుమని గాలి తీసి, ధబ్‌మని వదులుతూ ఉండేది. కరెంటు పోతే ఇన్వర్టర్ మీద రెండు గంటలు నడుస్తుంది. అది కూడా అయిపోతే గొట్టాన్ని మూలనున్న సిలిండర్‌కి మార్చాలి. ఆ పని అక్క వల్ల కాదు. గట్టిగా పిలవడం కూడా ఆవిడ వల్ల కాదు. అందుకని ఏం కావాలన్నా వేలి కణుపుతో గోడ మీద మూడుసార్లు కొట్టేది. గోడకి ఇవతల పని చేసుకుంటున్న తమ్ముడు, "ఒక్క నిమిషం అక్కా" అని లేచేవాడు.

పోయినేడాది ఆ ప్రాసెసర్ తగ్గింపుకి వచ్చిందని తెలిసినప్పుడు కొనుక్కోరా అనే అంది అక్క. అతను వద్దన్నాడు. ఉన్న ప్రాసెసర్‌నే ఓవర్‌క్లాక్ చేస్తానన్నాడు. అంటే ఏమిట్రా అంది. తయారుచేసినవాళ్ళు పెట్టిన హద్దు దాటించి మరింత వేగంగా పరిగెత్తించడం, సెట్టింగుల్లో రెండంకెలు మారిస్తే చాలు, పైసా ఖర్చుండదు అని చెప్పాడు. ఖర్చు ఒక్కటే కాదు, అందులో ఒక సరదా ఉంది. తోటి పనివాళ్ళ దగ్గర ఎంత వేగం తీశానో చెప్పుకునే సరదా.

అక్క కాసేపు గాలి పీల్చుకుని అంది, "మా మిల్లులోనూ అలాగే మెషిన్ల స్పీడు పెంచేవాళ్ళు. నూలు బాగా వచ్చేది. దుమ్మూ అంతే వచ్చేది." ఆ తర్వాత అడిగింది, "కరెంటు ఎక్కువ లాగదు కదా? నా మెషినూ నీ కంప్యూటరూ ఒకే బ్యాటరీ మీదున్నాయి."

"ఎంతక్కా... ఒక బల్బంత."

వేగం పెంచాక మీటర్ పెట్టి చూసుకున్నాడు. మునుపటికి రెండింతలు లాగుతోంది. అక్కకి చెప్పలేదు.

తర్వాత నెల తిరక్కుండానే ఒక సాయంత్రం గాలివాన వచ్చి కరెంటు పోయింది. రెండు గంటలు ఆగాల్సిన బ్యాటరీ గంటకే అయిపోయింది. చిన్నోడు సిలిండర్ తిప్పేటప్పటికే అక్క లేదు.

నిద్రలోనే పోయిందని అందరికీ చెప్పాడు. పిచ్చుకకీ అదే చెప్పాడు. ఆ పిల్ల ఏడ్చి ఏడ్చి, పోనీలే అమ్మ బాధపడలేదు అని ఆ ఒక్క మాటా పట్టుకుని తేరుకుంది. రెండు గంటల బ్యాటరీ అంత తొందరగా ఎందుకయిపోయిందని చుట్టాలు అడిగితే చిన్నోడు మాట్లాడలేదు. వాళ్ళే తేల్చేశారు, బ్యాటరీ నాసిరకం అని. ఆ బ్యాటరీ అమ్మిన ముసలాయన్ని వీధిలో అందరూ బ్యాటరీ బాబాయ్ అంటారు. ఆయన్ని పిలిచి నానా మాటలూ అన్నారు. ఆయన తలవంచుకుని విని, బ్యాటరీ భుజాన పెట్టుకుని మెట్లు దిగి వెళ్ళిపోయాడు. తర్వాత కొన్నాళ్ళకి షాపు మూసేశాడు. ఆ రోజు మెట్లు దిగుతున్నప్పుడు ఒకసారి చిన్నోడి వంక చూశాడు. ఏమీ అడగలేదు. అడిగినా బావుండేది.

అక్క పోయిన రోజే వేగం తగ్గించేశాడు చిన్నోడు. మళ్ళీ ఆ అంకెల జోలికి వెళ్ళలేదు.

ఇంటికొచ్చేసరికి నాలుగయింది గానీ మబ్బుకి గదిలో మసక చీకటి. లైటు వేసి, కంప్యూటర్ పక్క తలుపు విప్పి, పాత ప్రాసెసర్ మీదున్న ఫ్యాన్ ఊడదీశాడు. రేకుల మధ్య ఏదో తెల్లగా ఇరుక్కుని ఉంది. ఇంట్లో దుమ్ము బూడిద రంగులో ఉంటుంది. ఇది తెల్లగా, పొడుగ్గా, మెత్తగా ఉంది. వేళ్ళతో పట్టి లాగితే పోగులా సాగింది.

దూది.

పోయిన నెలే ఆ ఫ్యాన్ విప్పి శుభ్రం చేశాడు. అప్పుడేమీ లేదు. లాగేకొద్దీ వస్తూనే ఉంది. బల్ల మీద పిడికెడయింది. దానితో పాటు ఒక వాసన... మెషిన్ నూనె, పచ్చి దూది, చెమట. చిన్నప్పుడు షిఫ్టు దిగి వచ్చిన అక్క ఒళ్ళో పడుకుంటే వచ్చే వాసన. ఆ దూదంతా కాగితంలో చుట్టి కిటికీలోంచి పారేసి, గబగబా కొత్త ప్రాసెసర్ బిగించి, స్విచ్ వేశాడు.

కంప్యూటర్ చక్కగా లేచింది. హాస్టల్ పని పెట్టాడు. చెవులకి హెడ్‌ఫోన్లు తగిలించుకుని, ఫోన్ బల్ల మీద పెట్టి కూర్చున్నాడు. కొత్త ప్రాసెసర్ పాతదానికి నాలుగింతల వేగంతో పరిగెడుతోంది. పదినెలల్లో మొదటిసారి అతనికి కాస్త తేలిగ్గా అనిపించింది. వెంటనే అలా అనిపించినందుకు సిగ్గేసింది.

వాన మొదలైంది. కాసేపటికి కరెంటు పోయింది.

కొత్త బ్యాటరీ అందుకుంది. స్క్రీన్ వెలుగు తప్ప గదంతా చీకటి. ఇప్పుడు ఆ బ్యాటరీ మీద కంప్యూటర్ ఒక్కటే ఉంది. భయం లేదు, రాత్రి దాకా వస్తుంది అనుకున్నాడు.

బుస్సు... ధబ్.

చిన్నోడు మౌస్ మీద చెయ్యి ఆపాడు.

బుస్సు... ధబ్... బుస్సు... ధబ్...

పక్కగదిలోంచి వస్తోంది. ఆక్సిజన్ మెషిన్ అక్క పోయిన వారంలోనే ఆసుపత్రికి తిరిగిచ్చేశాడు. ఆ గదిలో మంచం తప్ప ఏమీ లేదు. ఫ్యాన్ చప్పుడేమోనని కంప్యూటర్ దగ్గరికి వంగి చెవి పెట్టాడు. కాదు. గోడకి అవతలే.

ఇన్వర్టర్ కూసింది. బ్యాటరీ అయిపోతున్నప్పుడు కూసే కూత. కరెంటు పోయి పది నిమిషాలు కాలేదు.

ఆ తర్వాత గోడ మీద... టక్. టక్. టక్.

ఎవరికీ చెప్పని సంగతి, తనకి తను కూడా చెప్పుకోని సంగతి, ఆ చప్పుడుతో పాటు లేచి ఎదురుగా నిలబడింది. ఆ రోజు అక్క నిద్రపోలేదు. ఇన్వర్టర్ కూయడం అతను విన్నాడు. గోడ మీద చప్పుడూ విన్నాడు. హెడ్‌ఫోన్ల లోంచి కూడా వినపడింది. స్క్రీన్ మీద పని తొంభై ఆరు శాతం అయింది. ఇప్పుడు ఆపితే మళ్ళీ మొదటికొస్తుంది. కూర్చున్నచోటునుంచే "ఒక్క నిమిషం అక్కా" అన్నాడు. మళ్ళీ మూడు చప్పుళ్ళు. తొంభై ఏడు. మళ్ళీ మూడు... ఈసారి మెల్లగా. తొంభై ఎనిమిది దగ్గర ఇల్లంతా ఆరిపోయింది.

"వస్తున్నానక్కా" అన్నాడు ఇప్పుడు. గొణిగినట్టుగా అన్నాడు. హెడ్‌ఫోన్లు విసిరేసి, కంప్యూటర్ వైరు పట్టి గోడలోంచి పీకేశాడు. స్క్రీన్ ఆరింది. చీకట్లో తడుముకుంటూ పక్కగది తలుపు తోసుకుని వెళ్ళాడు.

ఖాళీ మంచం. కిటికీ అద్దం మీద వాన. బుస్సు, ధబ్ ఆగిపోయాయి. ఏ చప్పుడూ లేదు. అమ్మయ్య అని ఊపిరి పీల్చుకోబోయాడు.

గాలి రాలేదు.

మళ్ళీ పీల్చాడు. ఛాతీ పైకి లేచింది గానీ లోపలికేమీ వెళ్ళలేదు. నోట్లో, ముక్కులో దూది కుక్కినట్టుంది. మోకాళ్ళ మీద పడి, మంచం కోడు పట్టుకుని, గోడకి ఆనుకున్నాడు. అరుద్దామంటే గొంతులోంచి ఈలలాంటిది వచ్చింది, అంతే.

అప్పుడు గోడకి అవతల, తన గదిలో, ఫ్యాన్లు తిరగడం వినిపించింది. వైరు పీకేసిన కంప్యూటర్ ఫ్యాన్లు. హోరున తిరుగుతున్నాయి. మౌస్ నొక్కుతున్న చప్పుడు... టిక్. టిక్. కుర్చీ కిర్రుమంది. ఎవరో సర్దుకు కూర్చున్నారు.

చిన్నోడు చెయ్యెత్తి వేలి కణుపుతో గోడ మీద కొట్టాడు. మూడుసార్లు.

మౌస్ చప్పుడు ఆగింది. ఒక్క క్షణం. తర్వాత గోడలోంచి ఒక గొంతు వచ్చింది. విసుగు లేదు ఆ గొంతులో. ప్రేమగానే ఉంది. పనిలో పడి, సగం విని పలికే గొంతు. అతని గొంతే.

"ఒక్క నిమిషం అక్కా."

మళ్ళీ కొట్టాడు. మళ్ళీ... కళ్ళ ముందు నల్లటి చుక్కలు. చెయ్యి లేవడం లేదు. గోడ మీద గోళ్ళు జారాయి. టిక్... టిక్... ఎవరూ లేవలేదు.

కరెంటు వచ్చేసరికి అతను గచ్చు మీద పడి ఉన్నాడు. గాలి ఆడుతోంది. పాక్కుంటూ వెళ్ళి తన గదిలోకి చూశాడు. కంప్యూటర్ ఆరిపోయి ఉంది. వైరు నేల మీద, తను పారేసిన చోటే ఉంది. కుర్చీలో ఎవరూ లేరు.

ఆ రాత్రి అతను బయట మెట్ల మీద కూర్చునే తెల్లవార్చాడు. ఇంక దాచుకుని బతకడం తన వల్ల కాదని తేల్చుకున్నాడు. ఎనిమిదింటికి, పిచ్చుక క్లాసుకి వెళ్ళకముందే, ఫోన్ చేశాడు. ఒక్క బిగిన చెప్పేశాడు. కంప్యూటర్ వేగం పెంచిన సంగతీ, బల్బంత కరెంటని అక్కతో అబద్ధమాడిన సంగతీ, బ్యాటరీ బాబాయ్ తప్పేమీ లేకపోయినా ఆయన్ని అందరూ తిడుతుంటే చూస్తూ నిలబడ్డ సంగతీ. ఇవాళే ఆయన ఇల్లు వెతుక్కుని వెళ్ళి కాళ్ళు పట్టుకుంటానన్నాడు. గోడ మీద చప్పుడు సంగతి మాత్రం నోటిదాకా వచ్చి ఆగిపోయింది. నిద్రలో పోయిందన్న ఆ ఒక్క మాటా ఆ పిల్లకి మిగలనీ అనుకున్నాడు. అది దాని కోసమో తన కోసమో అతనికే తెలియదు.

పిచ్చుక అంతా విన్నది. కోప్పడలేదు. అలసిపోయినట్టు అంది:

"గోడ సంగతి చెప్పవేం మామయ్యా?"

చిన్నోడు కూర్చున్నచోటునుంచి లేచి నిలబడ్డాడు.

"గోడ సంగతి నీకెవరు చెప్పారు?"

"నువ్వే చెప్పావు కదా, నిన్న సాయంత్రం ఫోన్ చేసి. ఇప్పుడు చెప్పినవన్నీ నిన్ననే చెప్పావు. మాటమాటకీ ఆగి, గాలి పీల్చుకుంటూ... నీకు అంత ఆయాసం ఎప్పటినుంచి? సగం మాటలు అర్థమే కాలేదు. రాత్రంతా ఏడ్చాను, ఇంక ఏడవడానికి ఓపిక లేదు."

నిన్న సాయంత్రం వాన పడుతున్నంతసేపూ ఫోన్ కంప్యూటర్ గదిలో, బల్ల మీదే ఉంది. అతను ఇంకో గదిలో నేల మీద పడి ఉన్నాడు. ఆ మాట చెబుదామని నోరు తెరిచాడు గానీ, పిచ్చుకే మళ్ళీ అంది:

"అంతా చెప్పి, పెట్టేసేముందు, వాణ్ణేమీ అనకమ్మా అన్నావు. రెండుసార్లు అన్నావు. ఎవణ్ణి మామయ్యా?"