ఎంగిలి ఆట

ఆ షాపులో ఆమెను అందరూ ‘ఛీఛీ’ అనే పిలుస్తారు. తల్లిదండ్రులు పెట్టిన పేరు ఒకటి ఉంది గానీ, ఆ పేరుతో పిలిస్తే ఆమే వెనక్కి తిరిగి చూడదు. వీడియో గేములు ఆడే యంత్రాలు బాగుచెయ్యడం ఆమె పని. ఏ కంట్రోలర్ మూత విప్పినా ముందు నోటివెంట వచ్చేది ఒకటే మాట. “ఛీ ఛీ! మనుషులేనా వీళ్లు?”

అందులో ఆమె తప్పేం లేదు. పైకి నున్నగా మెరిసే ఆ ప్లాస్టిక్ డిప్ప లోపల ఏముంటుందో తెలిస్తే ఆడేవాళ్లు మళ్లీ దాన్ని ముట్టుకోరు. చెమట, వేళ్ల జిడ్డు, బిస్కెట్ల పొడి, వెంట్రుకలు, రాలిన చర్మం, అన్నీ కలిసి బటన్ల కింద బూడిదరంగు ముద్దలా పేరుకుంటాయి. దాన్ని చిన్న చాకుతో గీకి, కాగితంలో మడిచి, చెత్తడబ్బాలో పడేసి, తర్వాత స్పిరిట్‌తో తుడవాలి. చేతులకి గ్లవ్స్ ఉంటాయి. అయినా ఒక్కో కంట్రోలర్ పూర్తయ్యాక నడవా చివరికంటా వెళ్లి మోచేతులదాకా సబ్బుతో రుద్దుకుని వస్తుంది. “చేతులు అరిగిపోతాయే అమ్మాయ్, రేపు ఆ గ్లవ్స్ తీస్తే లోపల ఏమీ ఉండదు” అని బాబాయ్ ఏడిపిస్తుంటాడు.

షాపు బాబాయ్‌ది. ఆమె నాన్నకి సొంత తమ్ముడు. పెద్ద భవనం కింద సెల్లార్‌లో కిటికీల్లేని గది, ట్యూబ్‌లైటు ఆర్పితే పట్టపగలే అమావాస్య. బాబాయ్‌కి ఒక వింత అలవాటుంది. ఏ గదిలోకి వెళ్లినా గుమ్మాన్ని రెండు పక్కలా వేళ్లతో తాకనిదే లోపల అడుగుపెట్టడు. చేతుల్లో సామాను ఉంటే కింద పెట్టి మరీ తాకుతాడు. అదేంటి బాబాయ్ అంటే నవ్వి మాట మార్చేస్తాడు.

ఆయన పెట్టిన నియమం కూడా ఒకటుంది. బాగుచేశాక కాసేపు ఆడి చూడాలి కదా, అప్పుడు కొత్త ఆటే మొదలుపెట్టాలి. కస్టమరు సగంలో ఆపుకున్న ఆటని తెరవకూడదు. “అది ఎంగిలి ఆట. ఒకడు సగం తిని వదిలిన కంచంలో చెయ్యి పెడతామా? ఇదీ అంతే.” ఛీఛీకి ఈ నియమం ప్రాణానికి హాయిగా ఉంటుంది.  కన్నకూతురు తాగిన గ్లాసైనా సరే, కడిగితే గానీ నోటికి తగలనివ్వదు.

ఆ రోజు పొద్దున్నే బాబాయ్ పార్టులు తేవడానికి ఊరి అవతలికి వెళ్లాడు. ఆమె షాపు తెరిచిందో లేదో, ఒక పెద్దావిడ సంచీతో మెట్లు దిగి వచ్చింది. శుభ్రంగా తల దువ్వుకుని, నెమ్మదిగా ఉంది. సంచీలోంచి పాత యంత్రం, దాని కంట్రోలర్ తీసి బల్ల మీద పెట్టింది.

“మావాడిదమ్మా. ఇది ఎటు తిప్పినా ఒకవైపే లాగేస్తోంది. బాగుచెయ్యి. వాడు ఆపిన చోటు మాత్రం చెరిగిపోకూడదు.”

“చెరపనండీ, నాది పూచీ. సాయంత్రం మీ అబ్బాయినే రమ్మనండి, ఆడి చూసుకుంటాడు.”

“వాడు లేవలేడు” అంది పెద్దావిడ. “ఆడుతున్నాడు.”

యంత్రం ఇక్కడుంటే అక్కడ దేంతో ఆడుతున్నాడని అడగబోయేలోపే ఆవిడ మెట్లెక్కేసింది.

కంట్రోలర్ చేతిలోకి తీసుకోగానే ఛీఛీ ముక్కు మూసుకుంది. ఎడమ బొటనవేలితో తిప్పే స్టిక్ మీద రబ్బరు గుంటపడిపోయి, ఎండిన తెల్లటి చారలతో ఉంది. పుల్లగా, పాచినోటి వాసన. కొంతమంది పుస్తకం పేజీ తిప్పేటప్పుడు వేలు నాలికమీద తడుపుకుంటారు చూడండి, వీడు ఆటలో మలుపు తిరిగినప్పుడల్లా బొటనవేలు నాకి మరీ తిప్పాడన్నమాట. ఒకరోజు కాదు, ఏళ్ల తరబడి. “ఛీ ఛీ ఛీ!” అంది. ఆమె ఒక ఛీ అదనంగా అనడం అరుదు.

మూత బిగించిన స్క్రూలు తుప్పుపట్టి ఉన్నాయి. ఎవరూ ఎప్పుడూ విప్పలేదు. లోపల ఎప్పుడూ ఉండే ముద్దే, కాకపోతే మెత్తగా, తడిగా ఉంది. దాన్నిండా కొరికిన గోళ్లు. పెద్దవీ చిన్నవీ, పసుపు తిరిగినవి, రక్తం ఎండినవి. వాటి మధ్య గులాబీరంగు పూసిన చిట్టి ముక్క కూడా ఒకటి. ఇంట్లో ఆడపిల్ల ఎవరో ఉంది కాబోలు అనుకుని, ఓకరింపు అణచుకుంటూ అంతా గీకి, కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి డబ్బాలో పడేసింది. మధ్యాహ్నం అన్నం ముట్టలేదు.

సాయంత్రం కూతురు బడినుంచి నేరుగా షాపుకి వచ్చింది. ఆరేళ్ల పిల్ల, అందరికీ బుజ్జమ్మ. ముందురోజు రాత్రి అమ్మ వేసిన గోళ్లరంగు బళ్లో అందరికీ చూపించి వచ్చిందట. గులాబీరంగు, ఒక్కో గోరు మీద ఒక్కో వెండి నక్షత్రం. స్టూలెక్కి కూర్చుని టిఫిన్ డబ్బాలో మిగిలిన బిస్కెట్లు తింటూ, మధ్యలో క్రీము ఎక్కువున్న దాన్ని తీసి మూత అంచున పక్కకి పెట్టుకుంది. ఇష్టమైనది ఆఖర్న తినడం దానికి అలవాటు.

ఛీఛీ కంట్రోలర్ బిగించి యంత్రం ఆన్ చేసింది. అక్కడ వచ్చింది చిక్కు. కొత్త ఆట మొదలెడితే పాతది చెరిగిపోతుందని తెర మీద హెచ్చరిక. ఆట దాచుకునే చోటు అందులో ఒక్కటే ఉంది. కొత్తది తెరిస్తే పెద్దావిడకిచ్చిన మాట పోతుంది, పాతది తెరిస్తే బాబాయ్ నియమం పోతుంది. ముందు నుయ్యి, వెనక గొయ్యి. బాబాయ్‌కి ఫోన్ చేసింది. ఎత్తలేదు. సరే, ఆయన వచ్చేదాకా ఆగుదామని కంట్రోలర్ బల్ల మీద పెట్టేసింది. అంతా బుద్ధిగానే చేసింది. కానీ గ్లవ్స్ లోపల చేతులు దురదపెడుతున్నట్టున్నాయి. ఆ గోళ్లు కళ్లముందునుంచి పోవడం లేదు.

“బుజ్జమ్మా, ఏదీ ముట్టుకోకు. ఇప్పుడే చేతులు కడుక్కొచ్చేస్తా.”

ఆమె ‘ఇప్పుడే’ అంటే ఎంతసేపో అందరికీ తెలుసు. ఒకసారి కడిగింది. వాసన చూసుకుంది. మళ్లీ కడిగింది. నురుగులో ఆ పుల్లటి వాసన ఇంకా ఉన్నట్టే అనిపించి మూడోసారి రుద్దింది. కుళాయి కట్టేశాక నడవాలో ఏదో చప్పుడు వినబడింది. చప్... చప్... నోరు మూయకుండా నమిలేవాళ్ల చప్పుడు.

షాపులోకి వచ్చి చూసేసరికి పిల్ల తెర ముందు కూర్చుని ఉంది. చేతుల్లో కంట్రోలర్. తెర మీద పాత ఇల్లు, పొడుగాటి బల్ల, మనకి వీపు పెట్టి కూర్చున్న లావాటి మనిషి. అతని ముందు మూతపెట్టిన కంచం. పిల్ల ఎడమ బొటనవేలు నోట్లో పెట్టి నాకింది. స్టిక్ తిప్పింది. మళ్లీ నాకింది. ఆ గుంటలో సరిగ్గా దాని వేలు కూర్చుంది.

“ఛీ! అది నోట్లో పెట్టకే!” అని లాక్కోబోయింది. రాలేదు. పిల్ల వేళ్లు దానికి అతుక్కుపోయినట్టున్నాయి. ఉమ్మి మణికట్టుదాకా కారుతోంది.

“ఆయనకి ఆకలమ్మా” అంది పిల్ల, తెర మీంచి కళ్లు తీయకుండా. “ఒక్కో గదిలో ఒక్కో కంచం. తింటేనే తలుపు తీస్తారు. ఇదే ఆఖరి గది.”

అప్పుడే ఫోన్ మోగింది. బాబాయ్. సంగతి రెండు ముక్కల్లో చెప్పింది. 

“ఆపకు” అన్నాడు గొంతు తగ్గించి. “ప్లగ్గు పీకకు. ఎంగిలి చేశాక మధ్యలో లేవకూడదు. కంచం ఖాళీ చేసెయ్యాలి.”

“బాబాయ్, పిల్ల...”

“నేను ప్రతి గుమ్మం ఎందుకు తాకుతాననుకున్నావే? ఒకడి ఆట సగంలో అందుకుని, భయమేసి సగంలోనే వదిలేశా. ఆ ఆటలో తలుపు అలాగే తియ్యాలి. ముప్పయ్యేళ్లయింది, తాకకపోతే ఇప్పటికీ నాకు గది కనపడదు, నల్లటి గోడే కనబడుతుంది. దాని చేతిలోది నువ్వు తీసుకో. నువ్వు ముగించు.”

ఆమె పిల్ల చేతుల మీద చేతులు వేసింది. గ్లవ్స్ లేవు. కంట్రోలర్ వెచ్చగా, జారుడుగా ఉంది.  ఒక్కో వేలూ విడదీసి, బిడ్డని పక్కకి నెట్టి, తాను కూర్చుంది. స్టిక్ కదిపింది. కదల్లేదు. ఇంకా గట్టిగా... లేదు. పొడివేలికి అది లొంగదని ఆమెకు అర్థమైంది.

కళ్లు మూసుకుంది. బిడ్డ కోసం, అనుకుంది. బొటనవేలు నాకింది.

ఉప్పు... రబ్బరు... పాచి. కడుపులోంచి తన్నుకొచ్చింది, మింగేసింది. తెర మీద మూత లేచింది. కంచంలో పొద్దున ఆమె గీకి పారేసిన ముద్ద. అదే బూడిదరంగు. అవే వెంట్రుకలు. అవే గోళ్లు. బటన్ నొక్కిన ప్రతిసారీ ఆ మనిషి ఒక ముద్ద పెట్టుకుంటున్నాడు. రుచి మాత్రం ఆమె నాలిక మీద దిగుతోంది. గోళ్లు పళ్ల సందుల్లో గుచ్చుకుంటున్నట్టే ఉంది. కళ్లలోంచి, ముక్కులోంచి నీళ్లు. నాకింది, తిప్పింది, నొక్కింది. చప్... చప్... ఫోన్లో బాబాయ్ “కానియ్, కానియ్” అంటున్నాడు.

కంచం ఖాళీ అయింది. కాదు... అంచున ఒక్కటి మిగిలింది. గులాబీరంగుది. దాని మీద చిన్న వెండి మెరుపు.

ఆమె తలతిప్పి కూతుర్ని చూసింది. పిల్ల బొటనవేలు నోట్లో ఉంది. చెయ్యి లాగి చూస్తే గోరు సగమే ఉంది, దాని మీద నక్షత్రం కూడా సగమే.

తుప్పుపట్టిన స్క్రూల వెనకనుంచి పొద్దున తను గీకిన ముక్క... అప్పటికి పిల్ల బళ్లో ఉంది. పదిగోళ్లూ నిండుగా ఉన్నాయి. పొద్దున తనే జడ వేస్తూ చూసింది.

“ఇంకొక్కటే కదా? నొక్కెయ్” అన్నాడు బాబాయ్.

తెర మీద మనిషి నమలడం ఆపేశాడు. వీపు కదల్లేదు గానీ మెడ కొంచెం... కొంచెంగా... ఇటు తిరుగుతోంది. బటన్ మీద వేలు పెట్టింది. అది నా బిడ్డ గోరు. దాన్ని వీడి నోట్లో పెట్టనా? చచ్చినా పెట్టను.

ప్లగ్గు పీకేసింది.

తెర నల్లబడింది. నమిలే చప్పుడు ఇంకోసారి వినబడి ఆగింది.  ఫోన్లో బాబాయ్ “అయ్యో అమ్మాయ్” అన్నాడు, అంతే.

పెద్దావిడ ఎప్పుడు వచ్చిందో గుమ్మంలో నిలబడి ఉంది. ఛీఛీ యంత్రాన్ని, కంట్రోలర్‌ని సంచీలో కుక్కి ఆవిడ చేతిలో పెట్టేసింది. పెద్దావిడ కంట్రోలర్ తడి చూసింది. తర్వాత పిల్లని చూసింది, ముద్దొచ్చినట్టు.

“మిగిల్చారా? పర్లేదులే అమ్మా. మావాడికి పారెయ్యడం ఇష్టం ఉండదు” అంది.

ఆవిడ అడుగుల చప్పుడు పైదాకా పోయేంతవరకు ఛీఛీ బిడ్డని గుండెకి హత్తుకుని కూర్చుంది. తర్వాత లేచింది. ఆ ముక్క ఇక్కడే, చెత్తడబ్బాలోనే ఉంది. దాన్ని తీసి కాల్చేస్తే? తినడానికి ఏమీ ఉండదు కదా? మూత తీసి చెత్తలో చెయ్యి పెట్టి వెతికింది. కాగితం అడుగున ఉంది, పొద్దున తాను మడిచినట్టే, నాలుగు మడతలూ చెక్కుచెదరకుండా.

మడత అంటుకుపోయి విడివడలేదు. బొటనవేలు నాలిక మీద తడుపుకుని విప్పింది. తడుపుకున్న సంగతి ఆమెకే తెలీదు. ‘ఛీ’ అన్న మాట కూడా నోటికి రాలేదు.

“అమ్మా, నువ్వు కూడా” అంది బుజ్జమ్మ, నవ్వుతూ.

కాగితం లోపల ముద్ద లేదు. వెంట్రుకలు లేవు, గోళ్లు లేవు, మరక కూడా లేదు. నాకేసినట్టు శుభ్రంగా, వెచ్చగా, తడిగా ఉంది. గులాబీరంగు ముక్క ఒక్కటి మాత్రం అంచున, ఆఖర్న తినడానికి పెట్టుకున్నట్టు, జాగ్రత్తగా పక్కకి తీసి పెట్టి ఉంది.