ఆకు మీద అడ్డం పెట్టిన చెయ్యి

ఒకసారి చూసిన ముఖాన్ని నేను మర్చిపోను. ఇది గొప్పలు చెప్పుకోవడం కాదు, సంఘసేవ. ఢిల్లీ మయూర్ విహార్‌లో మా తెలుగు క్లబ్బు నెలకోసారి పెట్టే భోజనాల్లో ఎవరు ఎవరో అందరూ నన్నే అడుగుతారు. నెయ్యి వడ్డన కూడా నాదే. ఎవరి దగ్గరా నేర్చుకున్నది కాదు కాబట్టి, తల ఎత్తానంటే ఒలకబోస్తాను. అందుకని ఆకుల్నే చూస్తూ వంగి నడుస్తాను.

మే నెల ఆదివారం. మొదటి బంతికీ రెండో బంతికీ మధ్య డాక్టర్ మైథిలి గారి ప్రసంగం పెట్టాం. గుర్తు తెలియని శవాలు ఎవరివో తేల్చడం ఆవిడ పని.

"పప్పన్నం తిన్నాక వినే ముచ్చటేనా ఇది?" అని గొణిగాడు కార్యదర్శి వరప్రసాద్.

సుభద్ర గారి కోసమే పిలిచామని అతనికీ తెలుసు. ఆవిడ భర్త సదాశివరావు గారు దీపావళి ముందు యమున వైపు నడకకి వెళ్లి తిరిగి రాలేదు. ఉన్నారో లేరో తెలియదు. రోజూ బొట్టు పెట్టుకోబోతూ అద్దం ముందు ఆగిపోతానని మా ఆవిడతో చెప్పిందట. ఆ తర్వాతే క్లబ్బులో చేరింది. ఆయన్ని నేనెప్పుడూ చూడలేదు.

మొదటి బంతిలో నెయ్యి వేసుకుంటూ చివరాకు దగ్గరికి వచ్చాను. తడి బురద వాసన. ఆకు మీద ఒక చెయ్యి అడ్డం వచ్చింది, చాలన్నట్టు. చిటికెన వేలు సగంలో పక్కకి వంగి ఉంది.

"మొహమాటపడకండి సార్" అని వేళ్ల సందులోంచి కొంచెం వదిలాను. పొగలు కక్కే నెయ్యి. ఆ చేతికి తగలగానే తెల్లగా గడ్డకట్టింది.

ఏసీ ఎక్కువైందనుకున్నాను. మా హాల్లో ఏసీ లేదు.

మొదటి బంతి లేచాక పక్క గదిలో ప్రసంగానికి దీపాలు ఆర్పారు. తెర మీద బొమ్మలు మారుతున్నాయి.

"ఈయన ముఖం చూపించను. చెయ్యి చూడండి" అన్నారు డాక్టరు గారు. చిటికెన వేలు సగంలో వంగి ఉంది.

నా నోరు ఆగలేదు. "ఈయన నాకు తెలుసండీ. ఇప్పుడే నెయ్యి వేశాను."

అందరూ నవ్వారు. సుభద్ర గారు నవ్వలేదు. చీకట్లో తడుముకుంటూ వచ్చి నా చొక్కా పట్టుకుంది.

"మా వారి వేలే అది. స్కూటర్ మీంచి పడ్డప్పుడు... ఎక్కడ కూర్చున్నారు?"

"చివరాకు."

"అయితే ఉన్నారు..."

డాక్టరు గారు దగ్గరికి వచ్చి గొంతు తగ్గించారు. "అమ్మా... ఇది నవంబరులో మార్చురీలో తీసిన ఫోటో. ఎవరూ రాలేదని దహనం కూడా చేసేశారు."

ఆవిడ అప్పటికే భోజనాల హాల్లోకి నడుస్తోంది. వెనకాలే నేను.

ఎవరూ లేరు. ఫ్యాను తిరుగుతోంది. తిన్నవాళ్లంతా ఆకులు తమ వైపుకి మడిచి లేచారు. చివరాకు ఒక్కటే... అవతలికి మడిచి ఉంది. చావు భోజనంలో మడిచినట్టు.

విప్పాను. అన్నం ముట్టలేదు. దాని మీద తెల్లటి నెయ్యి గడ్డ. అందులో నాలుగు వేళ్లు నొక్కిన గుంటలు, పక్కన వంకరగా ఐదోది.

"మొహం ఎలా ఉంది?" అని గుసగుసగా అడిగింది. "చిక్కిపోయారా?"

ముఖాలు మర్చిపోని నేను, నేల చూశాను.

నాలుగు నెలలైంది. ఆవిడ బొట్టు తియ్యలేదు. ప్రతి నెలా చివరాకు పక్కనే కూర్చుంటుంది. అక్కడ ఆవిడకి ఎవరూ కనిపించరు.

"ఈసారైనా చూసి చెప్పండి అన్నయ్య గారూ. ఆయనేనంటే నమ్ముతాను."

వంగుతాను. బురద వాసన. చెయ్యి అడ్డం వస్తుంది. చెమట ఆకు మీద పడుతుంది.

పోయిన నెల ఆ చెయ్యి అడ్డం రాలేదు. నా మణికట్టు పట్టుకుంది. మెల్లగా... పైకి లాగింది.

కళ్లు మూసుకున్నాను.

వడ్డించేటప్పుడు తల ఎత్తడం నేనింకా నేర్చుకోలేదు.