వట్టి కుండ కింద పొగ

"వేళకు పొగ లేవాల! ఈ ఇంటి మీద రెండు పూటలా పొగ లేవాల! వింటాండావా ఓబులా?"

వసారాలో మంచం మీద నుంచి మామగారు బాలకొండారెడ్డి కేక వేశాడు. "వింటాండా మామా..." అని కోడలు ఓబులమ్మ కంటినిండా నీళ్లతో పొయ్యిలోకి ఊదింది. పొయ్యి మీద కుండ ఉంది. కుండలో నీళ్లున్నాయి. ఆ నీళ్లలో వేయడానికి ఒక్క జొన్నగింజ లేదు... మూడు రోజులుగా లేదు!

ఎవరి కోసమమ్మా ఆ పొగ? ఎదురింటివాళ్ల కోసం! నలభై ఎకరాల రెడ్డిగారింట్లో పొయ్యి వెలగలేదని ఊరు అనుకోకూడదు కదా! నందన సంవత్సరం కరువది. వేంపల్లె చుట్టుపక్కల బావులన్నీ అడుగంటిపోయాయి. ఊళ్లో సగంమంది గంజి కేంద్రం ముందు నిలబడుతున్నారు, తక్కిన సగం కరువుపనిలో రోడ్డుకు కంకర కొడుతున్నారు. ఈ ఇంటివాళ్లు మాత్రం తలుపులు బిగించుకుని వేడినీళ్లు తాగుతున్నారు. ఓబులమ్మ భర్త వేమారెడ్డి నాలుగు ఎద్దులను మేత కోసం నల్లమలకు తోలుకుపోయి రెండు నెలలైంది. ఉన్నాడో లేడో కబురే లేదు!

ఆ పొద్దు ఆడబిడ్డ ఈశ్వరమ్మ బిందె ఎత్తబోయి కళ్లు తిరిగి పడిపోయింది. పదహారేళ్ల పిల్ల! అత్తగారు కూతురి తల ఒళ్లో పెట్టుకుని గుండెలు బాదుకుంది. బాదుకుని బాదుకుని, కోడలి చెయ్యి పట్టుకుంది.

"ఓబులా... పొరుగూరి కాడ కరువుపని జరుగుతాండాదంట. ఆడ మనల్ని గుర్తుపట్టేవాళ్లు లేరు. నాకు చేతకాదు, ఈ పిల్లకు చేతకాదు. నీకేమమ్మా... నువ్వు గట్టిదానివి!"

గట్టిదట! ఓబులమ్మ కడుపులోనూ మూడు రోజులుగా మెతుకు లేదన్న సంగతి ఆ తల్లికి గుర్తే రాలేదు.

"మామకు తెలిస్తే?"

"మీ అన్న నరసింహ జొన్నలు పంపిస్తాండాడని చెప్తా. కోడలి పుట్టింటి గింజలు తింటే పరువు పోదులే."

మర్నాడు చీకటితోనే ఓబులమ్మ ముఖం మీదికి చెంగు లాక్కుని, కూలికి పోయే పోలక్క వెంట నడిచింది. "మా చెల్లెలు" అని మేస్త్రీకి చెప్పి పోలక్కే పేరు రాయించింది. ఏనాడూ సుత్తి ముట్టని చెయ్యి! పొద్దు నడినెత్తికి రాకముందే సుత్తి జారి ఎడమచేతి బొటనవేలి మీద పడింది. గోరు ఊడిపోయింది. ఓబులమ్మ రాళ్ల కుప్పలో కూలబడి పసిపిల్లలా ఏడ్చింది. పోలక్క పాతగుడ్డ చింపి వేలికి చుట్టింది.

"ఏడ్సుకోమ్మా, తప్పేం లేదు. కానీ చెయ్యి ఆపబాకు. ఈ రోడ్డంతా కొట్టాల అనుకుంటే పానం పోతాది. ఈ ఒక్క రాయి అనుకో. దానికి యాడో సన్నగీత ఉంటాది, ఎతికి ఆడ కొట్టు. అది పగిలినాక ఇంగో రాయి. నేను ఇద్దరు బిడ్డల్ని మన్నులో పెట్టి ఈడికొచ్చినా. అట్లనే కొడతాండా..."

ఓబులమ్మ కళ్లు తుడుచుకుని సుత్తి అందుకుంది. ఒక రాయి, ఇంకో రాయి... ఏడు నెలలు!

సాయంత్రం ఒంటినిండా రాతిదుమ్ముతో దొడ్డిదారిన వచ్చి, కూలితో కొన్న జొన్నలు విసిరి, సంగటి కెలికి మామగారి ముందు పెట్టేది. ఆయన ముద్ద చేసుకుంటూ, "మీ అన్న నరసింహది శానా పెద్ద మనసు! ఈ కాలంలో ఎవరు పెడతారమ్మా?" అనేవాడు. "అవును మామా" అనేది. పగలంతా కోడలు ఇంట్లో ఎందుకుండదని మాత్రం ఆయన ఒక్కనాడూ అడగలేదు.

చివరికి వానలు పడ్డాయి. వేమారెడ్డి ఒక్కటే ఎద్దుతో తిరిగొచ్చాడు. మరుసటేడు పంట చేతికొచ్చింది. ఇంటికి సున్నం పడింది. అన్నీ బాగయ్యాయి... ఓబులమ్మ చేతులు తప్ప! అరచేతులు కాయలు కాచిపోయాయి, బొటనవేలు వంకర తిరిగిపోయింది.

కరువు వచ్చిన రెండేళ్లకు, జయ సంవత్సరంలో, ఈశ్వరమ్మకు పులివెందుల వైపు నుంచి మంచి సంబంధం వచ్చింది. పిల్లను చూడవచ్చే రోజున వదినే దగ్గరుండి తీసుకొచ్చి కూర్చోబెట్టాలి, వచ్చినవాళ్లకు తాంబూలం ఇవ్వాలి. ఓబులమ్మ తన పెళ్లిపట్టుచీర కట్టుకుని పళ్లెం అందుకుంది. అత్తగారు గడపలో అడ్డం నిలబడింది.

"నువ్వు రాబాకమ్మా... ఆ చేతులు సూస్తే వాళ్లు అడుగుతారు. కరువుపనికి పోయిన ఇల్లని తెలిస్తే సంబంధం తప్పిపోదా? నువ్వు గట్టిదానివి, అర్థం చేసుకుంటావు!"

ఓబులమ్మ భర్త వైపు చూసింది. "అమ్మ చెప్పినట్టు చెయ్యి" అని వేమారెడ్డి కండువా సర్దుకుని బయటికి పోయాడు. ఏ చేతులతో ఈ ఇంట్లో నాలుగు ప్రాణాలు నిలిచాయో, ఆ చేతులే ఇప్పుడు ఇంటికి సిగ్గయ్యాయి!

పట్టుచీరతోనే పోయి కొట్టంలో, ఎద్దు మేత తినే గాటి పక్కన కూర్చుంది. లోపలి నుంచి నవ్వులు వినిపిస్తున్నాయి. "మీ కోడలు యాడ వదినా?" అని ఎవరో అడిగారు. "పుట్టింటికి పోయింది" అంది అత్తగారు.

సంబంధం ఖాయమైంది. బండ్లు కదిలిపోయాక, ఎవరో కొట్టంలోకి వచ్చిన అలికిడైంది. మామగారు! ఆయన గాటి ముందు గొంతుక్కూర్చుని, తల వంచుకున్నాడు.

"నాకు తెలుసమ్మా... అన్నీ తెలుసు. రెండో నెలలోనే, మీ అన్నకు దండం పెట్టొద్దామని మీ ఊరికి నడిచిపోయినా. ఇంటికి తాళం! పిల్లల్ని తీసుకొని యాడికో గనుల పనికి పోయినాడన్నారు. తిరిగొచ్చి... ఆ పొద్దే నువ్వు పెట్టిన సంగటి తిన్నా."

ఓబులమ్మ లేచి నిలబడింది.

"తెలిసీ మా అన్నను పొగిడినారా మామా? రాళ్లకు నేను భయపడలే... ఇంటికొచ్చినాక ఆ మాటలకు ఏడ్సినా! 'అలిసిపోయినావా ఓబులా' అని ఒక్క మాట... ఒక్క మాట అడిగింటే సాలు గదా!"

"అడిగితే నువ్వు నిజం చెప్తావని భయపడినా. నిజం విన్నాక ముద్ద దిగదు గదమ్మా..." ముసలాయన తువ్వాలులో ముఖం దాచుకున్నాడు.

"అందరూ గట్టిదానివి, గట్టిదానివి అంటారు. నేను గట్టిదాన్ని కాదు మామా. ఇంగో దారి లేక మోసినా. రేపు పొయ్యి నేను రాజెయ్యను. నాకు నిద్ర కావాల."

మర్నాడు బారెడు పొద్దెక్కినా ఆ ఇంటి మీద పొగ లేవలేదు. ఎదురింటావిడ చేట పట్టుకుని వీధిలోకి వచ్చింది.

"ఏం చిన్నాయనా, మీ ఇంట్లో పొయ్యి ఎలగలేదే! ఏమైనాది?"

అరుగు మీద కూర్చున్న బాలకొండారెడ్డి లేచి నిలబడ్డాడు. ఆయన మాట వీధి చివరిదాకా వినిపించింది.

"మా కోడలు పండుకొనుండాది! కరువు కాలంలో ఏడు నెలలు రోడ్డు మీద కంకర కొట్టి, మాకు ఇంత సంగటి పెట్టింది. ఆ యమ్మ కూలి తిని బతికినాం. నిద్రపోనీండి!"

లోపల అత్తగారు నెత్తి కొట్టుకుంది. "అయ్యో... సంబంధం! ఈ మాట మాపటికే పులివెందుల చేరదా!" ఈశ్వరమ్మ వదిన గది తలుపు మెల్లగా దగ్గరికి వేసి, తను పోయి పొయ్యి ముందు కూర్చుంది.

ఓబులమ్మ మేలుకునే ఉంది. అన్నీ వింది. రెండేళ్లు ఎదురుచూసిన మాట కదా, లేచి వచ్చి ఆయన కాళ్లకు దండం పెడుతుందనుకుంటారేమో... లేవలేదు. వంకరవేలిని చెంగులో చుట్టుకుని, గోడవైపు తిరిగి పడుకుంది.