నలభై రెండు శాతం దగ్గర

తిరుపతిలో కంప్యూటర్లు బాగుచేసే మోహన్‌కృష్ణ, నగరిలోని ఉదయలక్ష్మి ఇంటికి రావడం ఇది మూడోసారి. మూడుసార్లూ ల్యాప్‌టాప్ కోసమే వచ్చానని చెప్పాడు. ఉదయలక్ష్మి నమ్మలేదు.

"తిరపతిలో మీ షాపులో పెడితే బాగుంటాది. ఈడికి తెస్తే చస్తాది. ఏందండీ ఇది?"

"నాకూ అదే అర్థం కాలేదు."

"అర్థం కాకనా, మీరే చెడగొడతా ఉండారా?"

అతను తల వంచుకుని పెన్‌డ్రైవ్ గుచ్చాడు. చెవులు మాత్రం ఎర్రబడ్డాయి.

ల్యాప్‌టాప్ ఎనిమిదేళ్ళ నాటిది. విండోస్ కదలడం మానేస్తే, దాని బదులు తేలికగా నడిచే లినక్స్ వేస్తే పరిగెడుతుందని సలహా ఇచ్చింది మోహన్‌కృష్ణే. షాపులో పరిగెత్తింది కూడా. నగరికి తెచ్చాక పది నిమిషాలకే ఆరిపోయింది. మళ్ళీ ఇన్‌స్టాల్ చేస్తే నలభై రెండు శాతం దగ్గర ఆరిపోయింది. పెన్‌డ్రైవ్ మార్చాడు, ర్యామ్ మార్చాడు, హార్డ్‌డిస్కు తనిఖీ చేశాడు. షాపులో దానికి ఏ జబ్బూ లేదు.

ఉదయలక్ష్మి ఆ ల్యాప్‌టాప్‌లోనే చీరల బార్డర్లు గీస్తుంది. కంచి వ్యాపారి ఒకాయన సోమవారానికల్లా రుద్రాక్ష పూసల వరుసతో బార్డరు డిజైను పంపమన్నాడు. ఆమె పేరు మీద వచ్చిన మొదటి ఆర్డరు అది. ఇవాళ ఆదివారం.

నలభై, నలభై ఒకటి, నలభై రెండు. తెర నల్లబడింది.

ఆమెకు ఏడుపు వచ్చింది. అది అతను చూడకూడదని పక్క గదివైపు తిరిగింది. అక్కడ మరమగ్గాలు ఆగి ఉన్నాయి. వాళ్ళ నాయన చెంగల్రాయుడు బ్రష్షుతో వాటి సందుల్లో చిక్కిన దూది తీస్తున్నాడు. ఆదివారం ఆ ఇంట్లో అదే పని.

ఆమె కాసేపు అలాగే చూసింది. తర్వాత వచ్చి ల్యాప్‌టాప్ అడుగున చెయ్యి పెట్టింది.

"దోసె పెనం మాదిరి కాల్తా ఉండాది. దీనికి గాలి యాడినుంచి పోతాది?"

"ఫ్యాన్ ఉండాది."

"దాన్ని సూసినారా?"

చూడలేదు. ర్యామ్ కోసం చిన్న మూత తీశాడే గానీ ఫ్యాన్ దాకా పోలేదు. ఇప్పుడు మొత్తం విప్పాడు. ఫ్యాన్ పక్కన మగ్గాల దూది దిండులా పేరుకుని ఉంది.

"మీ షాపులో ఏసీ ఉండాదా?" అడిగింది.

"ఉండాది. ఆ చల్లదనానికే ఆడ ఆరిపోలేదు," అన్నాడు నేల చూపులు చూస్తూ.

చెంగల్రాయుడు గడపలో నిలబడి నవ్వాడు. "మీ తాత మగ్గం నేసినోడే కదప్పా! మీరు వదిలేసినారు, దూది సంగతి మరిసినారు."

నాయన బ్రష్షుతోనే ఉదయలక్ష్మి దూదంతా తీసింది. మోహన్‌కృష్ణ మూత బిగించి మళ్ళీ మొదలుపెట్టాడు. నలభై రెండు వచ్చింది. ఇద్దరూ తెర మీదికి వంగారు. నలభై మూడు వచ్చింది. ఆమె చప్పట్లు కొట్టింది. అతనికి సంతోషమే. కానీ తొంభై దాటేసరికి దిగులు కూడా పట్టుకుంది.

నూరు కాగానే బ్యాగు సర్దుకున్నాడు.

"ఇంక నేను రావాల్సిన పని లేదండీ. ఒక మాట చెప్పి పోతాను. మొదటిసారి దీనికోసమే వచ్చినాను. రెండోసారి సగం దీనికోసం. ఈసారి మీకోసమే వచ్చినాను. చెడగొట్టింది మాత్రం నేను కాదు."

ఆమె తెర మీంచి చూపు తిప్పలేదు. "తెలుసులే," అంది.

లోపలినుంచి చెంగల్రాయుడి గొంతు వినిపించింది. "ఏమప్పా, మగ్గాలకి వారం వారం దూది తీస్తాం. ఆ పెట్టెకి కూడా తీయాల్నా?"

"అంత అవసరం లేదండీ. ఆర్నెల్లకొకసారి చాలు," అన్నాడు మోహన్‌కృష్ణ.

ఉదయలక్ష్మి అతన్ని గుడ్లురిమి చూసింది.

"తీయాల నాయనా, ప్రతి ఆదివారం తీయాల!"

మగ్గాల గదిలోంచి ఆయన తల బయటికి వచ్చింది.

"అట్లయితే అన్నం కూడా ఈడనే తినమను," అన్నాడు చెంగల్రాయుడు.

సోమవారం పొద్దున్నే రుద్రాక్ష బార్డరు మెయిల్లో కంచికి చేరింది. ఆ తర్వాతి ఆదివారం మోహన్‌కృష్ణ సొంత బ్రష్షు తెచ్చుకున్నాడు.