అమ్మ ఆగే చోటు

ఆ రోజు పొద్దున ఇంట్లో కుక్కర్ పెట్టకూడదని లెక్కల టీచరమ్మ ఆర్డరు వేసింది. రికార్డింగులో విజిల్ పడుతుందట.

"ఇవాళ ఆకళ్ళు కూడా మ్యూట్‌లో పెట్టుకోవాలన్నమాట" అన్నాడు భర్త, ఉల్లిపాయలు తరుగుతూ.

రిటైరయ్యాక ఆవిడకి ఏమీ తోచడం లేదు. ఇంతలో పాత బడివాళ్ళు ఆన్‌లైన్ కోర్సు పెడుతున్నామన్నారు. ఇవాళ సాయంత్రంలోగా పంపే నమూనా పాఠం నచ్చితే కోర్సంతా ఆవిడదే, లేకపోతే ఇంకొకరిది. కూతురు చేసే ఉద్యోగమే కంపెనీలకి ఇలాంటి కోర్సులు తయారుచేయడం. ఒక పాఠానికి ఒకే విషయమని, తెర మీద ఉన్నదే మళ్ళీ చదవకూడదని తల్లికి నేర్పింది. బోర్డు మీద ముత్యాల్లా రాసే మనిషి ట్యాబ్ మీద కోళ్ళు కెలికినట్టు రాసి, చెరిపి, చివరికి పట్టు సాధించింది.

మధ్యాహ్నం కూతురు పూర్తయిన వీడియో చూపించింది. తెర మీద టీచరమ్మ "మూడో వంతు పెద్దదా, నాలుగో వంతు పెద్దదా?" అని అడిగి, ఊపిరైనా తీసుకోకుండా "మూడో వంతే" అనేసింది.

"అక్కడ నేను ఆగాను కదే! అదేదీ?"

"తీసేశానమ్మా. గుడ్లప్పగించి చూస్తూ కూర్చున్నావు. వీడియో పాడైందనుకుని పిల్లలు వెళ్ళిపోతారు."

"వెనక బెంచీవాడికి జవాబు తట్టేది అప్పుడే! ముందు బెంచీవాళ్ళకి అసలు టీచరే అక్కర్లేదు."

"ఇక్కడ బెంచీలే లేవమ్మా."

"అయితే నేనూ అక్కర్లేదు. పాఠం నీ కత్తెరే చెప్పుకుంటుందిలే."

కూతురికి ఒళ్ళు మండింది. "ఊళ్ళో పిల్లలందరికోసం ఆగుతావు. నాకోసం ఎప్పుడైనా ఆగావా? నేను నోరు తెరిచేలోపే 'టీచరు కూతురివి, ఇదీ రాదా' అని జవాబు నువ్వే చెప్పేసేదానివి. లెక్కలంటే నాకు భయం పట్టుకుంది బళ్ళో కాదు, ఈ ఇంట్లోనే!"

టీచరమ్మ లేచి లోపలికి వెళ్ళిపోయింది.

కూతురు కాసేపు ఉక్రోషంగా కూర్చుని, కత్తిరించకముందటి వీడియో మళ్ళీ పెట్టింది. ప్రశ్న అడిగాక తల్లి ఊరికే కూర్చోలేదు. ఖాళీ గోడ వైపే ఈ మూల నుంచి ఆ మూలకి మెల్లగా చూస్తోంది. ఎవరో చెప్పబోతుంటే ధైర్యమిస్తున్నట్టు తలూపుతోంది. కూతురికి కళ్ళు చెమర్చాయి. ఇలా తనవైపు చూసుంటే ఎంత బాగుండేది అనిపించింది.

సాయంత్రం తల్లిని పిలిచి చూపించింది. ప్రశ్న దగ్గరికి రాగానే వీడియో ఆగింది. జవాబు రాసే గడి వచ్చింది. తప్పు రాస్తే తిట్టదు, ఒక రొట్టె బొమ్మని మూడు ముక్కలుగా, ఇంకోదాన్ని నాలుగు ముక్కలుగా కోసి చూపించి మళ్ళీ అడుగుతుంది.

"ఎంతసేపు ఆగుతుందే ఇది?"

"నీ వెనక బెంచీవాడు చెప్పేదాకా. నీకంటే దీనికే ఓపికెక్కువ."

టీచరమ్మ నవ్వబోయి కళ్ళు తుడుచుకుంది. పాఠం పంపించేశారు. కుక్కర్ పొయ్యి ఎక్కింది. ఆవిడ కుర్చీ లాక్కుని కూతురి ఎదురుగా కూర్చుంది.

"నామీద ఇప్పటికీ కోపముందా తల్లీ?"

కూతురు తల దించుకుంది. "ఎందుకుంటుందే..." అంటూ తండ్రి అందుకోబోయాడు.

"మీరుండండి. దాన్ని చెప్పనివ్వండి" అని ఆవిడ చెయ్యెత్తింది.

కుక్కర్ విజిల్ వేసింది. ఇంకోటీ వేసింది. టీచరమ్మ లేవలేదు. కూతురి ముఖంలోకి చూస్తూ, మెల్లగా తలూపుతూ, అలాగే ఆగింది.