తెలియని చేయి

పదిహేడో ప్రశ్నకు కూడా అసిరమ్మ "తెలియదు" అన్న మీటే నొక్కింది. తెర మీద బొమ్మ మారింది. ఈసారి ఏదో పరికరం అడుగుభాగం. నాలుగు మరలు, వాటి మధ్య సన్నని గాడి. ఈ గాడి దేనికి? తెలియదు. ఏ మర ముందు తీయాలి? తెలియదు. చూపును కొలిచే చిన్న దీపం ఆమె కనుబొమల మధ్య నిలిచి ఉంది. గాడి మీద చూపు అర సెకను ఎక్కువ ఆగితే దీపం రంగు మారుతుంది. అందుకని బొమ్మనంతా ఒకేలా చూడడం ఆమె అలవాటు చేసుకుంది, ఎండలో మెరిసే నీళ్లకేసి చూసినట్టు.

ఏమీ తెలియని మనిషికి ఆ అలవాటు అవసరం ఉండదు. ఆ సంగతి గుర్తొచ్చినప్పుడల్లా ఆమె తర్వాతి మీట గబుక్కున నొక్కేసేది.

"తెలియమి తొంభై ఆరు," అన్నాడు నమోదు అధికారి దాలినాయుడు, తన తెర చూసుకుంటూ. "నిన్నటికీ ఇవాళ్టికీ ఒకటి తగ్గింది. ఇంటికాడ ఏటైనా చదివావా?"

"లేదండి."

"టీవీలో ఏమైనా చూశావా? బాగుచేసేవి, విప్పేవి?"

"మా ఇంట్లో టీవీ లేదండి."

"అందుకేనమ్మా నువ్వంటే మా వాళ్లకి అంత ఇష్టం." అతను సంతకం పెట్టాడు. "తొంభై దాటితే చాలు. చేతి తొడుగులు వేసుకో."

నాలుగేళ్ల కిందట తాళ న్యాయస్థానం వాళ్లు సాలూరు పక్క పల్లెలకు మనుషుల కోసం వెతుక్కుంటూ వచ్చారు. పదో తరగతి దాకా చదివి ఉండాలి. తెలుగు తప్పుల్లేకుండా చదవాలి. ఏ పరికరాన్నీ ఎప్పుడూ విప్పి ఉండకూడదు. అసిరమ్మ మూడింటికీ సరిపోయింది. ఒక పలకలో ఉన్నది ఇంకో పలకలోకి దిగకుండా కాసే ప్రతితాళం ఎలా తీయాలో ఎవరైనా రాసి అచ్చువేస్తే, ఆ రాత నేరమా కాదా అని తేల్చేది వాదనలు కావు. ఏమీ తెలియని ఒక మనిషి ఆ రాతను చదువుతూ, అందులో ఉన్నది ఉన్నట్టు చేయాలి. తాళం తెరుచుకుంటే రాసినవాళ్లకు ఏడేళ్లు. తెరుచుకోకపోతే అది ఉత్త మాటలకింద లెక్క, రాసినవాళ్లు ఇంటికి పోతారు. ఆ తెలియని చేయి ఈ జిల్లాలో అసిరమ్మది.

చదివినదాన్ని మరిచిపోవాలని ఆమె నిజంగానే ప్రయత్నించేది. సాయంత్రం బస్సులో కిటికీ పక్కన కూర్చుని దారిలోని దుకాణాల పేర్లు వరసగా చదివేది, పగలు చదివినవి వాటి కింద పడి పోతాయని. మనసులోంచి పోయేవి కూడా. కానీ మొన్న వానాకాలంలో ఒక కేసులో, వాక్యం చదవకముందే ఆమె బొటనవేలు పలక అంచు మీదికి వెళ్లిపోయింది. తాళం తెరుచుకుంది. ఆ రాతలో అంచు మాట ఉందో లేదో ఆమె మళ్లీ చూడలేదు. చూడడానికి భయపడింది.

ఇవాళ్టి నిందితురాలిని అద్దం అవతల కూర్చోబెట్టారు. కొండగొర్రి పార్వతి. యాభై దాటిన నర్సు. కొండ మీద పద్నాలుగు ఊళ్లకు కాన్పులు చేసే మనిషి. పురుడు పుస్తకం ఉన్న ఆరోగ్య పలక ఆ పద్నాలుగు ఊళ్లకూ కలిపి ఒక్కటే. దాన్ని ఇంకో పలకలోకి ఎలా దించుకోవాలో ఆమె మెట్లవారీగా రాసి, నర్సుల నెలపత్రికలో అచ్చు వేయించింది.

ఆమె తరఫు వకీలు లేచి, ఆ రాత ఎవరికీ అర్థం కాదని, వాక్యాలు గజిబిజిగా ఉన్నాయని, ఒక మెట్టుకూ ఇంకో మెట్టుకూ పొంతన లేదని మనవి చేసుకున్నాడు.

"ఏటి బాబూ, గజిబిజా?" అంది పార్వతి. "మూడు రాత్రులు కూకొని రాసినాను. రెండో క్లాసు పిల్లకి ఇచ్చినా సదివీస్తాది."

"అమ్మా, మీరు మాట్లాడకండి," అన్నాడు వకీలు గాభరాగా.

"నువ్వు మాత్రం నా రాతని ఎన్ని మాటలైనా అనొచ్చేటి?"

"నిందితురాలు మాట్లాడకూడదు," అన్నాడు దాలినాయుడు. అతని ముందున్న వాక్కుపట్టీ ఈ మాటలన్నీ అక్షరాలుగా మార్చి సన్నని కాగితం మీద వదులుతూనే ఉంది. అసిరమ్మకు నవ్వు రాబోయి ఆగిపోయింది. పార్వతి చెప్పింది నిజం. తన ముందున్న కాగితంలో ఒక్క మాట కూడా అడ్డు తగలడం లేదు. ఇంత బాగా రాసిన మనిషిని ఆ బాగే జైలుకు తీసుకుపోతుంది.

అసిరమ్మ పైకి చదువుతూ చేయడం మొదలుపెట్టింది. రెండు పలకలను వీపుకు వీపు ఆనించండి. ఆనించింది. పాత పలక ఎడమ మూల నొక్కి పట్టుకోండి. పట్టుకుంది. కొత్త పలక వణుకుతుంది, భయపడకండి. వణికింది. కుడి మూల ఒకసారి నొక్కండి. ఎర్రదీపం ఆరుతుంది. కుడి మూల మళ్లీ నొక్కండి.

నొక్కింది.

పచ్చదీపం వెలిగింది. కొత్త పలక మీద బొమ్మలు దిగసాగాయి. అడ్డం తిరిగిన బిడ్డ. బిడ్డ భుజం కింద ఒక చేయి, ఆ చేతిని ఎటు తిప్పాలో చూపే బాణం గుర్తు. అద్దం అవతల పార్వతి ముఖం విప్పారింది. తన మాట పట్టుకుని ఎవరో పని సరిగ్గా చేసినందుకు కలిగే సంతోషం అది. వకీలు తలవంచుకోవడం చూశాక ఆ సంతోషం కొంచెం కొంచెంగా పోయింది.

అసిరమ్మ కాగితంలోకి చూసింది. ఎర్రదీపం ఆరుతుంది. కుడి మూల మళ్లీ నొక్కండి. ఈ రెంటి మధ్య ఆగమన్న మాట లేదు. రాసినప్పుడు ఉండే ఉంటుంది, అచ్చులో ఎగిరిపోయి ఉంటుంది. కాగితం చెప్పినట్టు వెంటనే నొక్కితే తాళం ఇంకా బిగుసుకుంటుంది. తాను వెంటనే నొక్కలేదు. ఆగింది. ఆగుతున్నానని అప్పుడు ఆమెకు తెలియలేదు, ఏడు లెక్కపెట్టాలని చేతికి తెలుసు.

"సాక్షి రాసి ఉన్నది మాత్రమే చేసిందా?" దాలినాయుడు అలవాటుగా అడిగాడు. ఇప్పటి వరకు ప్రతిసారీ ఆమె అలవాటుగానే "అవునండి" అంది.

ఈసారి ఆమె ఆ రెండు వాక్యాల మధ్య వేలు పెట్టి కాగితాన్నే చూస్తూండడంతో అతను తలెత్తాడు. ఆమె ముఖం చూశాడు. తన తెర మీద, తొడుగులు ఆమె చేతి కదలికలను గీసిన గీతను వెనక్కి జరిపి చూశాడు. గీత ఒకచోట ఏడు సెకన్లు చదునుగా ఉంది. అతను అరచేతిని వాక్కుపట్టీ నోటి మీద పెట్టి ముందుకు వంగాడు.

"తొడుగు సరిగ్గా పట్టలేదని రాస్తాను," అన్నాడు చాలా మెల్లగా. "మళ్లీ చేద్దువుగాని. ఈసారి ఆగకు. బిగుసుకుపోతుంది. ఆవిడ ఇంటికి పోద్ది, నువ్వూ ఇంటికి పోతావు."

"మరి ముందోళ్లండి?"

"ఏ ముందోళ్లు?"

"నా చేత్తో లోపలికి ఎళ్లినోళ్లు."

"నూట పద్దెనిమిది మందమ్మా. ఎవరికి ఆగావో, ఎవరికి ఆగలేదో ఇప్పుడెవరు చెప్తారు?"

"తొడుగులు చెప్తాయి కదండి. గీతలన్నీ దాస్తారు కదా."

దాలినాయుడు పట్టీ నోటి మీద అరచేతిని ఇంకాస్త అదిమాడు. "ఒట్టినే ఆగానని చెప్తే సరిపోదు. ఎక్కడ ఆగావు, ఎంతసేపు ఆగావు అని అడుగుతారు. చెప్పావంటే అది ప్రచురణే. పట్టీలో ఎక్కిన ప్రతి మాటా రేపు బయట గోడకి అంటిస్తారు. ఆవిడ మీద పెట్టిన సెక్షనే నీ మీదా పెడతారు, అవే ఏడేళ్లు. రోజూ నీ తెలియమికి సంతకం పెట్టినవాణ్ని, నేను కూడా మిగలను. నా మాట విను తల్లీ."

అసిరమ్మ తొడుగుల్లో ఉన్న తన చేతులకేసి చూసింది. ఏడేళ్లంటే తనకు ముప్పై మూడు వస్తాయి. మళ్లీ చేస్తే ఎవరికీ ఏమీ కాదు. రేపు పొద్దున బొమ్మల ముందు కూర్చుని తెలియదు, తెలియదు అని నొక్కుతుంది. ఎల్లుండి ఇంకెవరో ఒకరు అద్దం అవతల కూర్చుంటారు, వాళ్ల కాగితంలో లేనిదాన్ని తన చేయి నింపుతుంది. ఆమెకు రెండు భయాలూ ఒకేసారి కనిపించాయి. ఒకటి ఏడేళ్లకు ఆగిపోయేది.

ఆమె చేయి చాచి దాలినాయుడి అరచేతిని పక్కకు జరిపింది. నాలుగేళ్లలో ఎప్పుడూ అతని ఎదుట కుర్చీ కూడా జరుపుకోని మనిషి. అతను ఆ ఆశ్చర్యంలో చేయి వెనక్కి తీసేసుకున్నాడు.

"రాసి ఉన్నది మాత్రమే చేయలేదండి," అంది అసిరమ్మ. మాటలు విడివిడిగా వచ్చాయి. "ఎర్రదీపం ఆరినాక ఏడు లెక్కపెట్టేదాకా ఆగాను. అప్పుడే కుడి మూల నొక్కాను. ఆగమని ఈ కాగితంలో లేదు. ఆగకపోతే తాళం తెరుచుకోదు."

పట్టీ కదిలింది.

"ఆ సంగతి... సాక్షికి ఎవరు చెప్పారు?" అది అడగక తప్పని ప్రశ్న. దాలినాయుడు అడిగాడు.

"ఈ గదేనండి. నాలుగేళ్లుగా మీరు నాతో చదివించిన కాగితాలు."

అద్దం అవతల పార్వతి లేచి నిలబడింది. "అదేనమ్మా, ఆ ముక్క నాను..." అనబోయింది. వకీలు ఆమె మోచెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. ఆమె నోరు మూసుకుంది. ఆ రోజంతటిలో ఆమె తన రాత గురించి చెప్పాల్సింది చెప్పకుండా ఆగడం అదొక్కసారే.

కాగితం పట్టీ చివరి అక్షరం దాకా బయటికి వచ్చి ఆగింది. నియమం ప్రకారం నమోదు అధికారి దాన్ని చించి, సభకు వినబడేలా మొదటి నుంచి చివరి వరకు చదివి, కింద సంతకం పెట్టాలి. చదవకపోతే విధిలో తప్పు చేసినట్టు. చదివితే ఆ మాటలు ఇప్పుడు అతని నోటి నుంచి వచ్చినట్టు. దాలినాయుడు పట్టీని రెండు చేతులా పట్టుకుని "ఎర్రదీపం ఆరినాక" అన్నంత వరకు చదివాడు. అక్కడ పట్టీని కిందికి దించాడు. వకీలు వైపు చూశాడు. వకీలు కిటికీ వైపు చూస్తున్నాడు.

అసిరమ్మ తొడుగులు తీసి బల్ల మీద పెట్టింది. ఒట్టి చేయి ముందుకు చాపింది.

"ఇలా ఇవ్వండి," అంది. "మిగతాది నేను చదువుతాను."