గోడవతలి మగ్గం

"ఆఫ్ చేసేసినారా?"

ధర్మవరంలో ఆ ఇంట్లో నన్ను పలకరించిన మొదటి మాట ఇదే. రమ్మని లేదు, కూర్చోమని లేదు, మంచినీళ్ళ సంగతి సరేసరి.

"చేశాను. కొత్త ప్రోగ్రామ్ ఎక్కించాలంటే ముందు ఆఫ్ చేయాలి కదండీ," అన్నాను. బెంగుళూరు నుంచి దిగిన ఇంజనీర్ని కదా, గొంతులో కాస్త దర్జా కలిపాను.

"పొద్దన్నుంచి నెమలి గీస్తాండా. తోక ఒకటే మిగిలింది. ఇంగా టేపులోకి ఎక్కించనే లేదు. ఆఫ్ చేసేముందు ఒక మాట అడగాల్సింది గదా?"

"అడుగుదామనే అనుకున్నాను. మీరేమో ఇక్కడ..."

"నేను వంటింట్లోకి పోయి నీళ్ళు తాగి వచ్చేలోపల కాచుకోలేకపోతిరే!"

ఆమె టీవీ వైపు చూసింది. నల్లటి తెర. అందులో నెమలీ లేదు, తోకా లేదు. తర్వాత నా వైపు చూసింది. అబ్బో, ఆ చూపు! ఇంకెవరైనా అయితే వచ్చిన బస్సే తిరిగి ఎక్కేవాళ్ళు. నేను మాత్రం నోరు తెరుచుకుని అలాగే నిలబడ్డాను. కోపంలో ఆమె కళ్ళు అంత బాగుంటే నేనేం చేయను?

ఆమె పేరు నాగలక్ష్మి. డిగ్రీ అయిపోయింది. వాళ్ళ నాయన గంగాధరప్ప పట్టుచీరల వ్యాపారి. ఎనభై ఆరులో ఇంటికి కంప్యూటర్ తెచ్చుకున్న మనిషంటే ఎంత ధైర్యవంతుడో మీరే ఊహించుకోండి. కంప్యూటర్ అంటే పెద్దదేం కాదు. పలకంత నల్లటి కీబోర్డు. దాన్ని టీవీకి తగిలించాలి. ప్రోగ్రామ్ క్యాసెట్‌లో ఉంటుంది. టేప్‌రికార్డర్‌లో వేసి ప్లే నొక్కితే, అయిదు నిమిషాలు కీచుమని అరుస్తుంది, ఆ అరుపంతా మిషన్‌లోకి ఎక్కుతుంది. కరెంటు పోతే అంతా మాయం. మళ్ళీ మొదటినుంచి.

ఆ మిషన్ అమ్మింది మా బెంగుళూరు షాపు. చీర అంచులు గీసే ప్రోగ్రామ్ రాసింది నేను, తిప్పేస్వామిని. తెరమీద అంచు గీస్తే, మగ్గం మీద అంచు నేయించే జకార్డు అట్టల్లో ఎక్కడెక్కడ చిల్లులు పొడవాలో అది చెప్పేస్తుంది. ఆ గీసే పనంతా నాగలక్ష్మిదే. కాకపోతే పాత ప్రోగ్రామ్‌లో చిన్నంచే పట్టేది. దసరాకి పెద్దంచు చీరలు దింపాలని గంగాధరప్ప పట్టుబట్టాడు. అందుకని కొత్త వెర్షన్ రాసి, క్యాసెట్ జేబులో పెట్టుకుని మధ్యాహ్నానికి ధర్మవరం చేరాను.

నాగలక్ష్మి విసురుగా పక్కగదిలోకి వెళ్ళిపోయింది. నేను గోడ అలమరలో ఉన్న టేప్‌రికార్డర్‌లో కొత్త క్యాసెట్ వేసి ప్లే నొక్కాను. తెర అంచుల్లో పసుపూ నీలం చారలు పరుగెత్తాయి. టేపు కీచుమంది.

"అదేందప్పా, పందిపిల్లను కాళ్ళు కట్టేసినట్ల అరుస్తాది?" అంది మూలన బొంత కుట్టుకుంటున్న ఓబులమ్మవ్వ. గంగాధరప్ప తల్లి.

"ప్రోగ్రామ్ ఎక్కుతోంది అవ్వా."

"యాడికి?"

నేను జవాబు ఆలోచించేలోపు చారలు ఆగిపోయాయి. తెరమీద ఇంగ్లీషులో ఒక ముక్క: టేప్ లోడింగ్ ఎర్రర్.

మళ్ళీ వేశాను. ఎర్రర్. వాల్యూమ్ పెంచాను. ఎర్రర్. స్పిరిట్‌తో హెడ్ తుడిచాను. ఎర్రర్. ఆఖరికి పాత క్యాసెట్టే వేసి చూశాను. నిన్నటిదాకా నిక్షేపంగా పనిచేసిన పాత క్యాసెట్. దానికీ ఎర్రర్!

"ఉండేది గూడా చెడగొట్టినావా ఏమప్పా?" అన్నాడు గంగాధరప్ప, పడకకుర్చీలో లేచి కూర్చుని.

చెమటలు తుడుచుకుంటూ బస్సెక్కాను. మర్నాడు షాపుకు ట్రంకాల్ వచ్చింది. పాత క్యాసెట్ బ్రహ్మాండంగా ఎక్కిందట. నేను ఊరు దాటాక అంతా సవ్యంగానే ఉందట.

"నీ చెయ్యి మంచిది కాదేమోరా," అన్నాడు మా ఓనరు.

కొత్త క్యాసెట్‌ను షాపులో వేసి చూశాం. మొదటిసారికే ఎక్కింది. ఎన్నిసార్లు వేస్తే అన్నిసార్లూ ఎక్కింది. నాకు పిచ్చిపట్టినట్టయింది.

ఆ పిచ్చిలోనే ఇంకో పిచ్చిపని కూడా చేశాను. పనయ్యాక షాపులో కూర్చుని, ఒక్కొక్క చుక్కా పెట్టుకుంటూ నెమలి బొమ్మ గీశాను. తోకతో సహా. దాన్ని ఆ క్యాసెట్ చివర్లో ఎక్కించాను. ఎందుకని నన్నడగకండి. ఆ కోపపు చూపు నన్ను నిద్రపోనివ్వలేదు, అంతే.

రెండోసారి వెళ్ళినప్పుడు నాగలక్ష్మే తలుపు తీసింది.

"వచ్చినారా సార్? ఈసారి ఏం ఆఫ్ చేయడానికి?"

"మీరు చెప్పేదాకా ఏదీ ముట్టుకోనండి. చేతులు కట్టుకుంటాను, చూడండి."

ఆమె నవ్వు ఆపుకుంది. వేయించిన చెనక్కాయలూ కాఫీ తెచ్చి ముందు పెట్టింది.

"ఈ టేపు చివర్లో మీకొకటి ఉంది," అన్నాను గొంతు తగ్గించి. "ఆ పొద్దు నేను పోగొట్టిన నెమలి. నాకు వచ్చినట్టు గీశాను."

ఆమె చప్పున తలెత్తింది. ముఖం ఎర్రబడింది. "మగ్గంలో పని ఉండాది," అని పక్కగదిలోకి తుర్రుమంది.

ప్రేమకథల్లో ఇలాంటి సమయానికి వాన పడుతుంది. అమ్మాయి తడుస్తుంది, అబ్బాయి గొడుగు పడతాడు. మా అనంతపురం జిల్లాలో వానకోసం కాచుకుంటే ముసలివాళ్ళమైపోతాం. ఆరోజు ఒక మబ్బు ఊరిమీదికి వచ్చిన మాట నిజమే. ఓబులమ్మవ్వ వాకిట్లో ఆరేసిన వడియాలు ఎత్తుకుని లోపలికి తెచ్చేసరికి అది పెనుకొండ వైపు సాగిపోయింది.

క్యాసెట్ సంగతా? ఎర్రర్. ఎర్రర్. మళ్ళీ ఎర్రర్. ఆఖరి బస్సుకు టైమైపోతోందని పరుగెత్తాను. ఆ కంగారులో క్యాసెట్‌ని టేప్‌రికార్డర్‌లోనే మరిచిపోయాను.

మూడోసారి వెళ్ళేముందు మా ఓనరు ఒకే మాట చెప్పాడు. "ఈసారీ కాకపోతే మిషన్ని తెచ్చి షాపులో పడెయ్. నువ్వు మాత్రం షాపుకు రావద్దు."

గంగాధరప్ప అంతకన్నా సూటిగా చెప్పాడు. "చూడప్పా, దసరా నెత్తిమీదికి వచ్చింది. ఈ పొద్దు ఎక్కలేదా, ఈ డబ్బా ఎత్తుకొని పో. బయట డిజైన్లు గీసేవాళ్ళకే చెప్పుకుంటా. మా పాప ఇన్నాళ్ళు దీని ముందర కూర్చున్నది చాలు."

నాగలక్ష్మి ముఖం వాడిపోయింది. ఏదో చెప్పబోయి, నావైపు చూసి, నోరు మూసుకుని మగ్గం గదిలోకి వెళ్ళిపోయింది. ఉద్యోగం పోతుందన్న భయం నాకు ఉండనే ఉంది. అయితే ఆ గుమ్మం దాటి ఇక రానక్కర్లేదన్న ఆలోచన అంతకన్నా భయపెట్టింది. ఉద్యోగం బెంగుళూరులో ఇంకోటి దొరుకుతుంది. ఆ చెనక్కాయలూ, ఆ ఎత్తిపొడుపులూ ఎక్కడ దొరుకుతాయి?

ప్లే నొక్కాను. ఎర్రర్. ఇంకోసారి. ఎర్రర్.

గంగాధరప్ప చేత్తో చాలన్నట్టు సైగ చేశాడు. నేను తలవంచుకుని వైర్లు చుట్టడం మొదలుపెట్టాను.

"ఇంగొక్కసారి పెట్టండి."

నాగలక్ష్మి గుమ్మంలో నిలబడి ఉంది.

"ఎన్నిసార్లు పెట్టినా అంతేనండి. నా చెయ్యి మంచిది కాదు."

"చేతికేం రోగం లేదు. పెట్టండంటే పెట్టండి!"

వైర్లు విప్పి తగిలించాను. ప్లే నొక్కాను. పసుపు, నీలం, పసుపు, నీలం. టేపు అరుస్తూనే ఉంది. ఎప్పుడూ ఆగిపోయే చోటు దాటింది. సగం దాటింది. తెరమీద కొత్త ప్రోగ్రామ్ వచ్చి కూర్చుంది, ఇన్నాళ్ళూ ఏమీ జరగనట్టు! దాని వెనకే టేపు చివర్నుంచి ఒక్కొక్క గీతా దిగుతూ నెమలి రాసాగింది.

"అవురా!" అన్నాడు గంగాధరప్ప.

"తోక తప్పు గీసినారు," అంది నాగలక్ష్మి, తెరవైపు చూడకుండానే. "కన్నులు కిందికి వాలాల. మీరు గీసింది నెమలి మాదిరి లేదు, చీపురు మాదిరి ఉండాది."

నేను తెరవైపు చూశాను. నెమలి మెడదాకానే దిగింది. తోక ఇంకా రానే లేదు.

"తోక ఎలా ఉందో మీకెలా తెలుసు?"

ఆమె నాలుక కరుచుకుంది. గంగాధరప్ప కుర్చీలోంచి లేచాడు. "నాగూ, ఏందే ఇది?"

"అది... పోయినసారి ఈయన టేపు మరిచిపోయినాడు గదా నాయనా. మర్నాడు అమావాస్య. మనింట్లో మగ్గం ఎక్కం. సరే చూద్దామని పెడితే మొదటిసారికే ఎక్కె. ఆ మర్నాడు అమ్మ మగ్గంలో కూర్చున్నప్పుడు మళ్ళా పెడితే ఎక్కలా. అప్పుడు తెలిసొచ్చె. మగ్గం దూలం ఈ గోడలోనే ఉండాది. ఆపక్క ఒక్కొక్క దెబ్బకీ ఈ అలమర అదురుతాది. టేపు సరిగ్గా తిరగదు. రోజూ నేను తెల్లారగానే, మగ్గం ఆడకముందే పెట్టుకుంటా, అందుకే నాకెప్పుడూ ఎర్రర్ రాలా."

గంగాధరప్ప వెళ్ళి గోడమీద చెయ్యి పెట్టాడు. నేనూ పెట్టాను. ఇప్పుడు అది నిశ్చలంగా ఉంది.

నా తెలివి తెల్లారినట్టే ఉంది! స్పిరిట్‌తో తుడిచాను, స్క్రూలు తిప్పాను కానీ, పక్కగదిలో మగ్గం ఆడుతోందని ఒక్కసారైనా తోచలేదు. ఎలా తోస్తుంది? ఉరవకొండలో మగ్గం పక్కన వేసిన ఉయ్యాల్లో పెరిగినవాణ్ణి. నాకది చప్పుడే కాదు. ఆ ఇంట్లో వాళ్ళకీ అంతే.

"అట్లయితే తెలిసి గూడా ఇన్నాళ్ళు చెప్పలేదా?" అన్నాడు గంగాధరప్ప. "ఈ పొద్దు మిషన్ ఎత్తుకొని పొమ్మని చెప్తాంటే గూడా పోయి మగ్గంలో కూర్చుంటివే! ఎందుకే?"

నాగలక్ష్మి కాలి బొటనవేలితో నేల గీస్తూ నిలబడింది.

"దాన్ని అడిగితే ఏం చెప్తాది, నన్నడుగు," అంది ఓబులమ్మవ్వ సూది బొంతలో గుచ్చి. "మద్యానం పూట మగ్గం ముట్టే పిల్లనా అది? మొదటిసారి కోపంతో పోయి కూర్చునింది. ఆమైన ఈ పిల్లోడు వచ్చినప్పుడల్లా పోయి కూర్చుంటాది. ఆ మగ్గంలోనుంచి చూస్తే ఈ నడిమి గోడ కిటికీలో ఏం కనపడ్తాదో పోయి చూసుకోరా."

కిటికీలో ఏం కనపడుతుందో నాకు తెలిసిపోయింది. ఈ అలమర ముందు చెమటలు కక్కుతూ నిలబడిన నేను.

"అవ్వా!" అంది నాగలక్ష్మి. ఆ తర్వాత ఏమనుకుందో, తలెత్తి వాళ్ళ నాయన్నే చూస్తూ చెప్పేసింది. "చెప్తే ఎక్కుతాది నాయనా. ఎక్కితే ఈయన మళ్ళా రాడు గదా!"

గంగాధరప్ప చూపు నెమ్మదిగా నామీదికి తిరిగింది.

"నీకేమన్నా తెలుసునా దీని సంగతి?"

"తెలీదన్నా."

"తెలీకనే నెమలి గీసుకొని వచ్చినావా?"

నా బెంగుళూరు తెలుగంతా జారిపోయి ఉరవకొండ తెలుగు బయటపడింది. "ఆమె మనసు తెలీదన్నా. నాది నాకు తెలుసు. ఆ పొద్దు ఆఫ్ చేసి తిట్లు తినిండా చూడు, అప్పటినుంచి నాకు బువ్వ సయించలేదు. మీ పాపంటే నాకు ఇష్టం. ఇంగ తంతే తన్ను."

"ఏ ఊరప్పా మీది?"

"ఉరవకొండ. మా నాయన శ్రీరంగప్ప. ఇప్పుడూ నేస్తానే ఉండాడు."

"చిలకంచు శ్రీరంగప్పనా?" గంగాధరప్ప కళ్ళు పెద్దవయ్యాయి. "ఆయన కొడుకువై ఉండి మగ్గం దెబ్బ తెలుసుకోలేకపోతివే! మీ నాయన వింటే ఏమంటాడు?"

"తంతాడన్నా."

ఓబులమ్మవ్వ పకపకా నవ్వింది. గంగాధరప్ప మీసాల కింద కూడా ఏదో కదిలింది, కానీ వెంటనే సర్దుకున్నాడు.

"అదంతా ఆమైన. ముందు ఈ మిషన్ సంగతి తేల్చు. ప్రోగ్రామ్ ఎక్కించేటప్పుడల్లా మగ్గం నిలిపితే నా వ్యాపారం ఏం గావల్ల?"

నేను చుట్టూ చూశాను. అవ్వ ఒళ్ళో బొంత కనిపించింది. "అవ్వా, ఒకసారి అది ఇస్తావా?"

గది నడుమ స్టూలు వేసి, దానిమీద బొంతను మడతలు పెట్టి, టేప్‌రికార్డర్‌ని పసిపిల్లలా పడుకోబెట్టాను.

"ఇప్పుడు ఎవరన్నా మగ్గం ఆడిస్తే..." అన్నాను.

"పో నాగూ, నెయ్యి పో," అన్నాడు గంగాధరప్ప.

ఆమె గుమ్మం దాటుతూ ఒక్కసారి వెనక్కి తిరిగింది. ఈసారి కోపపు చూపు కాదు.

ప్లే నొక్కాను. టేపు అరుస్తోంది, చారలు పరుగెత్తుతున్నాయి, గోడ అదురుతోంది, బొంతమీద టేప్‌రికార్డర్ హాయిగా తిరుగుతోంది. ఎర్రర్ రాలేదు. నేను గీసిన చీపురు తోకతో సహా అంతా ఎక్కింది.

గంగాధరప్ప నా భుజంమీద చెయ్యి వేశాడు. "దసరా పోనీ. మీ నాయన్ని పిలుచుకొని రా, మాట్లాడుకుందాం. అమావాస్య నాడు మాత్రం రావద్దు."

"అమావాస్యకే గదా నాయనా ఎక్కింది!" అంది గోడవతలినుంచి ఒక గొంతు.

అందరం నవ్వాం. బస్సు టైమైందని నేను బయటికొచ్చి చెప్పులు వేసుకున్నాను. వెనక మగ్గం మళ్ళీ అందుకుంది. టక్, టక్, టక్. పుట్టినప్పటినుంచీ వింటున్న చప్పుడే. ఆరోజే మొదటిసారి నాకు వినిపించింది.